పదమూడు, పదిహేడు, పంతొమ్మిది

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఐటీఐలో ఫిట్టర్ చేశాను. రెండేళ్లుగా రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్లు), డీజిల్ ఇంజన్లు, మోటార్లు రిపేరు చేస్తున్నాను. ఇన్నాళ్లూ నాన్న పాత స్పానర్లతోనే నెట్టుకొచ్చాను. కొత్త సెట్టు కొందామంటే షాపతను మన దేశీ కంపెనీది రెండు వేల చిల్లర చెప్పాడు. మస్కట్‌లో ఉంటున్న మా బావ మాత్రం ‘వచ్చేటప్పుడు జర్మన్ సెట్టు తెస్తాను, పద్దెనిమిది వేలు అవుతుంది, ఈ జన్మకి మళ్లీ కొనక్కర్లేదు’ అంటున్నాడు. నాన్నేమో ‘ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వ్యవహారం’ అని నవ్వుతున్నాడు. స్పానర్లకి అంత డబ్బు పెట్టొచ్చా? నాన్న పాతవి ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీకు జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. ఈ రెండేళ్లలో మీ స్పానర్లు ఎన్ని విరిగాయి, ఎన్ని చెరువులో పడ్డాయి? పాలకొల్లులో నేను షెడ్డు నడిపిన ముప్పై ఏళ్లలో విరిగినవి ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నీళ్లపాలైనవి, ‘ఇప్పుడే ఇచ్చేస్తానండి’ అని పక్క చెరువు వాళ్లు పట్టుకెళ్లినవి, వరికోత మిషను మీద మర్చిపోతే పొలంలో దిగబడిపోయినవి అన్నీ పోగేస్తే గోనెసంచెడు అవుతాయి. మళ్లీ కొనక్కర్లేదని మీ బావగారు అంటున్నది స్పానర్ విరగడాన్ని దృష్టిలో పెట్టుకుని. బురదలో కూరుకుపోయిన దానికి ఏ దేశపు కంపెనీ గ్యారంటీ ఇవ్వదు.

కాబట్టి ఆ పద్దెనిమిది వేల సెట్టు మీకు వద్దు. అది మోసమని కాదు, దాని విలువ దానికి ఉంది. రోజుకి ఎనిమిది గంటలు కార్ల కింద పడుకుని, పొడి నేల మీద, పెట్టెలో వరసగా సర్దుకుని పనిచేసే మెకానిక్‌కి ఆ డబ్బు తిరిగొస్తుంది. మీ పని నడుముల్లోతు ఉప్పునీళ్లలో. దేశీ సెట్టు కొనండి. మిగిలిన దాంట్లో కొంత తీసి, అసలు తేడా ఎక్కడ తెలుస్తుందో ఆ ఒకటి రెండు వస్తువుల మీద పెట్టండి. ఆ వస్తువులేమిటో చెప్తాను గానీ, ముందు మీ నాన్నగారి మద్దెల సంగతి తేల్చాలి.

మద్దెల నిజంగానే ఓడయ్యే సందర్భాలు ఉంటాయండి. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక తీర్థంలో, గోనెపట్టా మీద పోసి అమ్ముతుంటే ఒక చివర పదహారు, ఇంకో చివర పదిహేడు మిల్లీమీటర్ల నోరుండే స్పానర్ ఒకటి కొన్నాను. అద్దంలా మెరుస్తోంది. దాని మీద ‘క్రోమ్ వెనేడియం’ అని అక్షరాలు. తెలిసిన కంపెనీ రేటులో మూడో వంతు. వారం తిరక్కుండా ఒక రాత్రి చెరువు మీద నుంచి కబురు. కరెంటు లేదు, ఇంజను ఆగిపోయింది. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది కోడి కూసే వేళకే అని మీకు వేరే చెప్పక్కర్లేదు. మౌంటింగ్ నట్టు విప్పుదామని బలం పెట్టాను. స్పానర్ విరగలేదు, నోరు విచ్చుకుంది. నట్టు మూలలు గుండ్రమైపోయాయి, నా నాలుగు వేళ్ల కణుపులు ఇంజను ఫిన్‌లకి కొట్టుకుని తోలు లేచిపోయింది. ఆ నట్టుని ఉలితో చీల్చి తీసేసరికి తెల్లారింది. రైతు నన్నేమీ అనలేదు గానీ గట్టు మీద నిలబడి నీళ్ల వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ స్పానర్ని మర్నాడు అతనే అడిగి తీసుకెళ్లి, పడవ లంగరుకి బరువుగా కట్టుకున్నాడు. ఆ పనికి మాత్రం బాగానే పనికొచ్చింది.

మంచి స్పానర్‌కీ చెడ్డదానికీ తేడా విరగడంలో బయటపడేది తక్కువ. నట్టుని ఎలా పట్టుకుంటుందన్న దాంట్లోనే ముందు తెలుస్తుంది. ఓపెన్ స్పానర్, అంటే నోరు తెరిచి ఉండేది, ఆరు పలకల నట్టుని రెండు పలకల మీద పట్టుకుంటుంది. నోరు కొలతకి సరిగ్గా ఉంటే బలం పలక మీద పరుచుకుంటుంది. ఒక మిల్లీమీటరులో మూడో వంతు వదులున్నా చాలు, స్పానర్ కాస్త తిరిగి ఎదురెదురు మూలల్ని మాత్రమే తాకుతుంది. మీరు పెట్టిన బలమంతా ఆ రెండు మూలల మీదే. మూల అరుగుతుంది, స్పానర్ జారుతుంది, చెయ్యి పోతుంది. రింగ్ స్పానర్ నట్టుని చుట్టూ ఆరు చోట్ల పట్టుకుంటుంది కాబట్టి అదే నట్టు దానికి లొంగుతుంది. అందుకే బిగుసుకున్న నట్టుని మొదట రింగుతో కదిలించి, వదులయ్యాక ఓపెన్‌తో తిప్పి తీయమంటారు. ఇది ఐటీఐలో చెప్పే ఉంటారు. చెరువు మీద తొందరలో అందరం మర్చిపోతాం.

ఉక్కు గురించి ఒక్క మాట. అతి గట్టిదైతే పెళుసెక్కి విరుగుతుంది, మెత్తనిదైతే నోరు విచ్చుకుంటుంది. మధ్యలో నిలబెట్టేది ఉక్కులో కలిపిన క్రోమియం, వెనేడియంలు ఒక్కటే కాదు, కాల్చి, చల్లార్చి, మళ్లీ తగుపాటిగా వేడి చేసే పద్ధతి. ఆ అక్షరాలు ఎవరైనా కొట్టుకోవచ్చు. కొలిమి పని మాత్రం కంటికి కనిపించదు. పేరున్న కంపెనీకి మనం ఇచ్చే అదనపు డబ్బులో ఎక్కువ భాగం, ప్రతి ముక్కా ఒకేలా కాలిందన్న నమ్మకానికి ఇస్తున్నామనుకోండి. అయితే ఆ నమ్మకం కోసం జర్మనీ దాకా వెళ్లక్కర్లేదు. టపారియా వాళ్లు 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో మన దేశంలో చేతి పనిముట్లు మొదలుపెట్టారు. నాసిక్‌లో వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లో నాగౌర్ ఈ పనిముట్లకి పేరుపడ్డ ఊళ్లు. అక్కడి నుంచి విదేశాలకి కూడా సరుకు వెళ్తుంది. ఓపెన్ స్పానర్లకి ఐఎస్ 2028, రింగ్ స్పానర్లకి ఐఎస్ 2029 అని మన ప్రమాణాలు ఉన్నాయి.

మరి ఖరీదైనది ఎందుకంత ఖరీదు? చేత్తో పట్టుకుంటే కొంత తెలుస్తుంది. రింగు గోడ పల్చగా ఉంటుంది, అయినా విచ్చుకోదు. అంటే దేశీ రింగు దూరని ఇరుకులో అది దూరుతుంది. నోటి కొలత మరీ కచ్చితంగా ఉంటుంది. రింగు లోపలి ఆకారం నట్టు మూలని వదిలేసి, మూలకి కాస్త ఇవతల పలక మీద ఒత్తేట్టు చెక్కి ఉంటుంది. దీనికి అమెరికా స్నాప్‌ఆన్ కంపెనీ ఫ్లాంక్ డ్రైవ్ అని పేరు పెట్టింది. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు చాలా కంపెనీల రింగుల్లో అలాంటి ఆకారమే కనిపిస్తుంది. స్నాప్‌ఆన్ ధరలో ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్ల దేశంలో వాళ్ల వ్యాను వర్క్‌షాపు గుమ్మం దాకా వస్తుంది, పోయిన ముక్కకి బదులు ముక్క అక్కడే చేతిలో పెడతారు. ఆ సేవకి కూడా మెకానిక్ డబ్బు కడుతున్నాడు. మీ ఊరి గట్టు మీదకి ఆ వ్యాను రాదు కదా! మస్కట్‌లో కొన్న ముక్కని భీమవరం నుంచి మార్పించుకోవడం ఎంత తిప్పలో మీ బావగారినే అడగండి.

ఇక మీ పని దగ్గరికి వద్దాం. షాపతను చూపించే సెట్టులో ఆరు-ఏడు నుంచి ఇరవై-ఇరవైరెండు దాకా ఎనిమిది ఓపెన్ స్పానర్లు ఉండి ఉంటాయి. వాటిలో మీరు నెలకొకసారైనా ముట్టుకునేవి ఎన్ని? ఏరియేటర్ మీద మీ చేతికి తగిలేవి ఎక్కువగా ఎం8, ఎం10, ఎం12 బోల్టులు (ఎం పక్కన అంకె బోల్టు మందం, మిల్లీమీటర్లలో). వాటి నట్లకి మన బజారు కొలతలో పదమూడు, పదిహేడు, పంతొమ్మిది. కొత్తగా వచ్చే బోల్టుల్లో ఎం10కి పదహారు, ఎం12కి పద్దెనిమిది కూడా తగుల్తుంటాయి. జపాన్ ఇంజన్ల మీద, వరికోత మిషన్ల మీద ఎం8కి పన్నెండు, ఎం10కి పద్నాలుగు. కాబట్టి సెట్టు పేరు చూసి మురిసిపోకుండా, ఓపెన్ సెట్టు బదులు ఒక చివర రింగు, ఒక చివర ఓపెన్ ఉండే కాంబినేషన్ స్పానర్లు తీసుకోండి. పదమూడు, పదిహేడు, పంతొమ్మిది మాత్రం రెండేసి కొనండి. బోల్టు తల ఒకదానితో పట్టుకుని నట్టు ఇంకోదానితో తిప్పాలి కదా. ఎనిమిది ముక్కల సెట్టు కొనుక్కుని, రెండో పదమూడు లేక బోల్టు తలని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకునే మెకానిక్‌లని ఎంతమందిని చూశానో. నేనూ చేశాను ఆ పని.

కొలతల విషయంలో మన డెల్టాలో ఇంకో చిక్కుంది. ఇక్కడ తాతల నాటి ఇంజను, నిన్న కొన్న మోటారు ఒకే షెడ్డులో ఉంటాయి. పాత మాసీ ట్రాక్టర్ల మీద అంగుళాల నట్లు ఇంకా ఉన్నాయి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి పదమూడు పెడితే పట్టినట్టే ఉంటుంది, ఆ 0.3 తేడాయే మూల అరగ్గొడుతుంది. ముప్పావు అంగుళం అంటే 19.05. మన పంతొమ్మిది దానికి చక్కగా కూర్చుంటుంది, భయం లేదు. 9/16 అంటే 14.29. పద్నాలుగు దూరదు, పదిహేను వదులు. అక్కడ అంగుళాల స్పానరే కావాలి, ఏ జర్మన్ పదిహేనూ దాన్ని కాపాడలేదు. మన కాలవల మీద పాతకాలం నుంచి నీళ్లు తోడుతున్న లావుపాటి నెమ్మది ఇంజన్ల మీద విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత నట్లు తగలొచ్చు. వాటి స్పానర్ మీద రాసేది నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం. 3/8 విట్‌వర్త్ నట్టు వెడల్పు 18.03 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ సెట్టులో అరుదుగా బయటికొచ్చే ఆ పద్దెనిమిది అక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు స్టెయిన్‌లెస్ సంగతి. నాకు తెలిసి చెరువు మెకానిక్‌లు స్పానర్‌ని తిట్టే సందర్భాల్లో సగం తప్పు ఈ బోల్టులదే. తుప్పు పట్టదని ఏరియేటర్ ఫ్రేములకి స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తారు. అది మంచిదే. కానీ స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా, గబగబా తిప్పితే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తుప్పు చుక్క ఉండదు, కొత్త బోల్టే ఉంటుంది, అయినా సగంలో పట్టేసి అటూ కదలదు, ఇటూ కదలదు. అక్కడ బలం పెడితే బోల్టు తెగుతుంది. బిగించేటప్పుడే మరకి యాంటీ సీజ్ పేస్టు గానీ, అది లేకపోతే కనీసం గ్రీజు గానీ రాసి నెమ్మదిగా తిప్పాలి. ఆ పేస్టు డబ్బా ఖరీదు జర్మన్ స్పానర్ ఖరీదు ముందు ఏపాటిది? మీకు అది చేసే మేలు మాత్రం ఎక్కువ.

ఎంత బిగించాలన్నది కూడా తెలియాలి. తల మీద 8.8 అని (అది ఉక్కు బలానికి గుర్తు) ఉన్న ఉక్కు ఎం8 బోల్టుకి సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. పదమూడు స్పానర్ మీద మీ చెయ్యి నట్టుకి పదహారు సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, అక్కడ పదహారు కిలోల బరువు వేలాడదీసినంత. అదే కొలతలో తల మీద ఎ2-70 గుర్తున్న స్టెయిన్‌లెస్ బోల్టుకి పది, పదకొండు కిలోలు దాటకూడదు. దాని ఉక్కు అంతకంటే మెత్తన. స్పానర్లు పొడుగు చిన్నాపెద్దా ఉండేది అందుకే. చిన్న నట్టుకి చిన్న కాడ ఇచ్చి, మీ చేతి బలం బోల్టుని తెంపకుండా కాస్తున్నారు. కాడకి పైపు తొడిగామంటే ఆ కాపుదల తీసేసినట్టే. నేను పైపు తొడగలేదా? తొడిగాను. పాత ఇంజను హెడ్డు విప్పేటప్పుడు తప్పదు. చెరువు మీద ఎం8కి తొడిగితే మాత్రం తెగిన బోల్టుకి స్పానర్ కంపెనీని తిట్టకూడదు.

ఉప్పు గురించి మీకు నేను చెప్పేదేముంది. నరసాపురం నుంచి అంతర్వేది దాకా గాలికే ఇనుము తుప్పు పడుతుంది. చెరువు నీరు సరేసరి. స్పానర్ మీద మెరుపు నికెల్ మీద వేసిన పల్చటి క్రోమ్ పూత. అది జర్మన్‌దైనా జలంధర్‌దైనా ఒకసారి బండకి తగిలి పెచ్చు లేచిందంటే ఆ సందులోంచి తుప్పు కిందకి పాకుతుంది. లేచిన పెచ్చు బ్లేడులా చెయ్యి కోస్తుంది, ఉప్పునీళ్లలో ఆ గాయం వారం మానదు. ఖరీదైన వాటి పూత కాస్త గట్టిగా ఉంటుందన్నది నిజం. తొమ్మిది రెట్ల ధరకి తొమ్మిది రెట్లు ఎక్కువ కాలం వస్తుందా అంటే, చెరువు మీద రాదు. సాయంత్రం మంచినీళ్లతో కడిగి (మన దగ్గర చాలా బోర్లు ఉప్పే, కాలవ నీళ్లు నయం), గుడ్డతో తుడిచి, కొత్త ఇంజనాయిలు చుక్క రాసి పెట్టండి. వాడేసిన నల్ల ఆయిలు వద్దు, అందులో మసితో పాటు యాసిడ్ కూడా చేరి ఉంటుంది. కోనసీమ వాళ్లు కొబ్బరినూనె రాస్తారు. ఏమీ లేనిదానికి నయమే, కానీ పాతబడి మక్కు వాసన వచ్చిందంటే అదీ పుల్లబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, టూల్స్ పెట్టెని బ్లీచింగ్ పౌడర్ బస్తాల పక్కన పెట్టకండి. మేత షెడ్డులో ఒక మూల బ్లీచింగ్, ఇంకో మూల టూల్స్ ఉండటం ప్రతి చెరువు మీదా చూస్తాను. ఆ క్లోరిన్ ఆవిరికి స్టెయిన్‌లెస్ కూడా మచ్చలు పడుతుంది, మామూలు స్పానర్ల గతి చెప్పేదేముంది.

నీళ్లలో పడటానికి మందు చాలా చవక. రింగు కన్నంలోంచి నైలాన్ తాడు వేసి మణికట్టుకి కట్టుకోండి, ఓపెన్ అయితే కాడకి బిగించి ముడివేయండి. ఇంజను తిరుగుతుండగా మాత్రం ఆ తాడుతో దగ్గరికి పోవద్దు. మోటారు మీద పనైతే స్టార్టర్ దగ్గర స్విచ్ కట్టేసి, ఫ్యూజులు పీకి మీ జేబులో వేసుకుని అప్పుడు నీళ్లలో దిగండి. గట్టు మీద నిలబడ్డవాడు ‘కట్టేశాను, దిగు’ అంటే నమ్మకండి. స్పానర్ పిడికి రబ్బరు తొడుగు ఉన్నంత మాత్రాన అది కరెంటుని ఆపదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను. నా లెక్కలో మీకు ఖరీదైనది పనికొచ్చేది రెండు చోట్ల. మొదటిది స్క్రూ స్పానర్. దీని నోరు మరతో పెద్దదీ చిన్నదీ అవుతుంది కాబట్టి, చవక దాంట్లో కదిలే దవడ లూజుగా ఆడుతుంది. కనుక ఇక్కడ చేసిన చేతి నాణ్యత బాగా తెలుస్తుంది. 1892లో దీనికి పేటెంటు తీసుకున్నది యోహాన్సన్ అనే స్వీడన్ ఆయన. బాకో అనే పేరుతో ఆ వంశంలో స్పానర్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఎనిమిది లేదా పది అంగుళాలది ఒకటి మంచిది కొనండి. తిప్పేటప్పుడు బలం కదలని దవడ మీద పడాలి, అంటే కాడని కదిలే దవడ వైపుకి లాగాలి. ఎదురు తిప్పితే బాకో అయినా బజారుదైనా ఒకటే, దవడ ఊడుతుంది.

రెండోది క్నిపెక్స్ అనే జర్మన్ కంపెనీ వాళ్లు చేసే ప్లయర్స్ రెంచ్. చూడ్డానికి పట్టకారులా ఉంటుంది గానీ పళ్లుండవు. రెండు చదునైన దవడలు సమాంతరంగా దగ్గరికొచ్చి నట్టుని అసలు ఖాళీ లేకుండా నొక్కుతాయి. అంగుళాలా, మిల్లీమీటర్లా అన్న గొడవే ఉండదు, స్టెయిన్‌లెస్ నట్టు మూల అరగదు. ఖరీదు ఎక్కువే, మీ దేశీ సెట్టుని దాటేయొచ్చు. కానీ పైన చెప్పిన 9/16, అరంగుళం బాధలన్నిటికీ ఇదొక్కటే మందు. మీ బావగారు ఏదో ఒకటి తేవాలనే ముచ్చట పడితే ఇదే అడగండి. చెకిన్ లగేజీలో పెట్టుకోమనండి, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. దీనికి తాడు మాత్రం తప్పకుండా కట్టండి. ఇది చెరువులో పడితే నాకు ఉత్తరం రాయకండి, నేను తట్టుకోలేను.

పైప్ రెంచ్, ఎలెన్ కీలు దేశీవే చాలు. రాచెట్ సాకెట్ల సెట్టు ఉంటే జనరేటర్ మీద హాయిగానే ఉంటుంది గానీ రాచెట్ లోపలికి ఉప్పు దిగిందంటే పళ్లు పట్టేస్తాయి. దాన్ని చెరువు మీదకి తీసుకెళ్లకండి, ఇంటి దగ్గర పనికి ఉంచుకోండి.

షాపుకి వెళ్లేటప్పుడు జేబులో ఒక కొత్త ఎం12 బోల్టు వేసుకెళ్లండి, తల పంతొమ్మిదిది. అరిగింది వద్దు. షాపులో స్పానర్ నోట్లో దాన్ని పెట్టి అటూ ఇటూ ఆడించండి. కొంచెం కదలాలి, అసలు కదలకపోతే రంగు పూసిన నట్టు మీద ఎక్కదు. టకటకా ఆడితే పక్కన పెట్టేయండి. నోటి రెండు అంచులు సమానంగా ఉన్నాయా, లోపల గరుకులు మిగిలాయా చూడండి. ఒకే కంపెనీ ఒకే కొలతవి మూడు తీసి మూడింటినీ అలాగే ఆడించండి. మూడూ ఒకేలా ఉంటే ఆ కంపెనీ పని తెలిసిందన్నమాట. కుండని కొట్టి చూసినట్టు స్పానర్ని బండకేసి మోగించి చూసేవాళ్లున్నారు. దానివల్ల షాపతనికి కోపం రావడం తప్ప లాభం లేదు. అయస్కాంతం పెట్టి చూడటం కూడా అంతే, ఎంత చెత్త ఉక్కైనా అంటుకుంటుంది. కంపెనీ పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ ఉందేమో మాత్రం కళ్లజోడు పెట్టుకుని చదవండి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న చోట ఆ పేరు నిజం కాదనుకోవడమే మంచిది.

చివరికి మీ నాన్నగారి పాత స్పానర్లు. వాటిలో గెడోర్ అని పేరున్నవి ఉన్నాయేమో చూడండి. 1919లో జర్మనీలో అన్నదమ్ములు పెట్టిన కంపెనీ అది, పాతరోజుల్లో ఆ పేరు మీద స్పానర్లు మన ఫరీదాబాద్‌లోనే తయారయ్యేవి. అలాంటివి దొరికితే మీరు పద్దెనిమిది వేలు పెట్టి తెప్పించుకుందామనుకున్న సరుకు సగం మీ ఇంట్లోనే ఉన్నట్టు. అదే ఎం12 బోల్టు వాటిలోనూ పెట్టి ఆడించండి. రింగులు చాలామటుకు బాగానే ఉంటాయి, వాటిని మంచి గుడ్డలో చుట్టి ఇంటి దగ్గర పనికి దాచుకోండి. ఓపెన్ వాటిలో నోరు విచ్చుకున్నవాటిని సుత్తితో కొట్టి దగ్గరికి నొక్కకండి, లోపల పగులిచ్చి మళ్లీ విచ్చుకుంటాయి. ఒకదాన్ని గ్రైండరు మీద పల్చగా అరగదీసి, గేర్‌బాక్స్ వెనక చెయ్యి దూరని ఆ ఒక్క నట్టు కోసం ఉంచుకోండి. అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచుతుండాలి, నీలిరంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఏది కోయాలో మీ నాన్నగారినే ఎంచమనండి. ఏ స్పానర్ ఏ నట్టు మీద జారిందో ఆయన చేతులకి గుర్తుండి ఉంటుంది.